నీలం కాగితం మీద రాయని మాట

మా ఆయన లేండర్ట్ ఏ కాగితం మీద సంతకం పెట్టినా ముందు ఒక మాట రాసేవాడు: "షరతుతో". సరుకు అందింది గానీ అది బాగుందని నేను ఒప్పుకోవడం లేదు, విప్పి చూశాక చెబుతాను అని దాని అర్థం. రోటర్‌డామ్ రేవులో ఊళ్ళకూ దేశాలకూ సరుకు పంపించే ఒక చిన్న కంపెనీలో ఆయన ముప్ఫై ఎనిమిదేళ్ళు నష్టాల గుమస్తా. దారిలో విరిగినవీ, తడిసినవీ, గడ్డకట్టినవీ అన్నీ చివరికి ఆయన బల్ల మీదికే వచ్చేవి. ఎక్కడ విరిగింది, ఎవరి చేతిలో విరిగింది అని తేల్చడమే ఆయన పని. ఆ పనిని సాయంత్రం రేవులో వదిలేసి ఇంటికి రావచ్చు కదా. రాలేదు. పోస్ట్‌మన్ దగ్గరా షరతుతోనే, రొట్టెల దుకాణంలోనూ షరతుతోనే. అంగట్లో గుడ్ల అట్టపెట్టె తెరిచి పది గుడ్లనూ ఒక్కొక్కటే తిప్పి చూసేవాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు నన్ను చూసేవాళ్ళు. నేను చీజ్ ముక్కల వైపు చూసేదాన్ని. రోటర్‌డామ్ పక్క ఊరు మాస్‌స్లౌస్‌లో మా వీధి వాళ్ళు ఆయన్ని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు.

"షరతుగారు వస్తున్నారు, తలుపులు సరిచూసుకోండి," అనేది పక్కింటి కోరీ, ఆయనకు వినబడేట్టే.

మా పెళ్ళి రోజున పట్టణ కార్యాలయంలో రిజిస్టరు ముందు పెట్టి కలం చేతికిచ్చారు. ఆయన పేజీ తిప్పి వెనకవైపు ఏముందో చూశాడు. మా అమ్మ దగ్గింది.

నేను ఆయన చెవిలో, "ఆ మాట రాశావంటే ఇక్కణ్ణుంచి ఇటే మా ఇంటికి పోతా," అన్నాను.

రాయలేదు. మా అక్క విల్లెమీన్ నవ్వి నవ్వి టోపీ జారవిడుచుకుంది. "చూశావటే రీకా, విప్పి చూడకుండా పుచ్చుకున్నది లోకంలో నిన్నొక్కదాన్నే," అంది.

ఆ మాట లేకుండా ఆయన పెట్టిన సంతకాలు నాకు తెలిసినంతవరకూ రెండే. ఒకటి అది. రెండోదాని గురించి రాద్దామనే ఇప్పుడు కూచున్నాను.

అక్క నార్వేవాడిని చేసుకుని పైన నార్విక్‌లో కాపురం పెట్టింది. బావ పేరు ఆర్న్‌ఫిన్, ఇనపరాయి మోసే రైళ్ళలో పనిచేశాడు. అమ్మ పోయినప్పుడు గోడగడియారం నాకు వచ్చింది, ఆరు నీలం పూల పళ్ళాలు అక్కకి వెళ్ళాయి. రెండు వేల పదకొండు జనవరిలో అక్క పోయింది. అదే నెలలో నేను మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకుని పడున్నాను. కడసారి చూపుకి వెళ్ళలేకపోయాను. బావ ఫోన్ చేసి, "పళ్ళాలు నీకు పంపుతున్నాను, మీ అమ్మవి కదా," అన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నేనూ కాదు. అక్క ఉన్నప్పుడు మా ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది.

మార్చిలో ఒక గురువారం పెట్టె వచ్చింది. నార్విక్ నుంచి గోథెన్‌బర్గ్ దాకా రైలు, అక్కణ్ణుంచి రోటర్‌డామ్‌కి ఓడ, రేవు నుంచి మా గుమ్మం దాకా లారీ. మూడు బళ్ళకీ కలిపి ఒకే కాగితం. లారీ మనిషి పెట్టెను నడవలో దింపి, ఆ కాగితం నకళ్ళు గోడకి ఆనించి పట్టుకున్నాడు. "ఇక్కడో సంతకం సార్. నీలం కాగితం మీద."

నేను చంకకర్ర మీద వచ్చాను. పెట్టె మూత మీద నల్లరంగుతో "రీకాకి" అని రాసుంది. ఇంటిపేరు లేదు, కింద ఎక్కడో చిరునామా ఉంది. నేను మెట్టు మీద కూచుని మూత మీద చెయ్యి పెట్టాను. ఆ తర్వాత ఆ చెయ్యి తీయడం నా వల్ల కాలేదు.

లేండర్ట్ పెట్టెను చూశాడు, నన్ను చూశాడు, కాగితాన్ని చూశాడు. సంతకం పెట్టేశాడు.

లారీ మనిషి కాగితం వెలుతురుకి పట్టి చూశాడు. "అంతేనా? మీ ఇల్లంటే అరగంట పడుతుందని డిపోలో చెప్పి పంపారే."

"అంతే. కాఫీ తాగుతావా?"

లారీ మనిషి కాఫీ తాగి, ఒక బిస్కట్ తిని వెళ్ళిపోయాడు. మా దగ్గర కాఫీకి ఒకటే బిస్కట్, డబ్బా మూత వెంటనే మూసేశాను. అంత ఏడుపులోనూ అది మరిచిపోలేదు.

పెట్టె నడవలోనే ఉండిపోయింది. దాని పక్కనుంచి ఆయన అడ్డంగా తిరిగి నడిచేవాడు. ఎప్పుడు తెరుద్దాం అని ఒక్కసారీ అడగలేదు. పదకొండో రోజున, అదో సోమవారం, నేనే స్క్రూ డ్రైవరు తెచ్చి తెరిచాను. ఆరు పళ్ళాల్లో అయిదు ముక్కలు. ఒకటే మిగిలింది. అవన్నీ మా అక్క స్వెటర్లలో చుట్టి ఉన్నాయి. ఆవిడ అల్లుకున్నవి, మోచేతుల దగ్గర అతుకులు వేసుకున్నవి. ఆవిడ వాసన ఇంకా పోలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పోయిన మనిషి బట్టల్ని చిత్తుగుడ్డల్లా కుక్కి పంపుతాడా? అదీ సరిగ్గా కుక్కలేదు, పళ్ళాలు పోగొట్టాడు. అదే రోజు కార్డు రాశాను: "వచ్చాయి. విరిగాయి. ఆవిడ బట్టలు ఇలా వాడాల్సింది కాదు." అంతే రాశాను. జవాబు రాలేదు. స్వెటర్లు సంచిలో వేసి అటక మీదికి ఎక్కించాను. మే నెలలో బావ పుట్టినరోజు. మా వైపు అన్ని ఇళ్ళలోలాగే మరుగుదొడ్డి గోడకి వేలాడే పుట్టినరోజుల పట్టీలో ఆయన పేరు రోజూ కనబడుతూనే ఉంది. కార్డు పంపలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి. మా ఇళ్ళలో తిట్టుకున్నా క్షమిస్తారు గానీ, పుట్టినరోజు కార్డు పంపకపోతే ఇక ఆ ఇంటితో సంబంధం తెగినట్టే.

"రీకా, తొందరపడ్డావు. ఎక్కడ విరిగిందో ఇంకా తేలలేదు," అన్నాడు లేండర్ట్.

"తేలేదేముంది. కట్టినవాడి చేతిలో."

"అది నువ్వు అనుకున్నది. తేలింది కాదు."

అప్పటికి ఆయన రిటైరై ఏడాది అయింది. వంటింటి బల్ల మళ్ళీ ఆఫీసయింది. రైలుకో ఉత్తరం, ఓడకో ఉత్తరం, లారీకో ఉత్తరం. నేను బంగాళదుంపలు ఒళ్ళో పెట్టుకుని చెక్కు తీయడం మొదలుపెట్టాను, బల్ల మీద జాగా లేక. జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి. మేం బాగానే అప్పగించాం అంది రైలు. మేం ఎక్కించుకున్నట్టే దింపాం అంది ఓడ. లారీ జవాబు అన్నిటికన్నా మర్యాదగా ఉంది: తమరు ఏ షరతూ లేకుండా అందుకున్నారు, లోపలి నష్టం గురించి ఏడు రోజుల్లో రాయాలని తమకు తెలియంది కాదు, తమరు పన్నెండో రోజున రాశారు. చివర్లో మూడు ఉత్తరాలూ ఒకే మాట మీద నిలబడ్డాయి. కట్టడం బాగాలేదు, వాడిన బట్టలతో చుట్టారు.

"చూశావా," అన్నాను. "ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడని ముగ్గురు ఒకే మాట అంటున్నారు. బావే."

"ముగ్గురూ ఒకే మాట అన్నారంటే అది ముగ్గురికీ పనికొచ్చే మాటని అర్థం. కట్టడం తప్పయితే ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు."

"నాకేమీ ఇవ్వక్కర్లేదు. నాకు మా అమ్మ పళ్ళాలు కావాలి."

"అవి రావు. ఎక్కడ విరిగాయో మాత్రం వస్తుంది."

లారీ కంపెనీలో నష్టాలు చూసే స్టోల్క్ అని ఆయన పాత జోడీ ఒకడున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఇద్దరూ ఫోన్‌లో పోట్లాడుకున్నారు, ఒకరి పెళ్ళాం పిల్లల పేర్లు ఒకరికి తెలుసు, మొహాలు మాత్రం రెండు మూడు సార్లే చూసుకున్నారు. లేండర్ట్‌కి చెవి మందగించాక ఫోన్ గట్టిగా పెట్టేవాడు, అంచేత నేనూ వినాల్సి వచ్చేది.

"ఎక్కడ విరిగిందో చెప్పు లేండర్ట్, ఏ చట్టమో నేను చెబుతా," అన్నాడు స్టోల్క్.

"ఏ చట్టమో తేలితే కదా ఎవరు నిరూపించుకోవాలో తేలేది. వాళ్ళు నిరూపించుకుంటే కదా ఎక్కడ విరిగిందో తేలేది."

"నేనూ అదే అంటున్నా. ఎక్కడ విరిగింది?"

"స్టోల్క్, ముప్ఫై ఎనిమిదేళ్ళు నేనూ జనానికి ఈ మాటే చెప్పాను. ఇవతల పక్క కూచుని వింటే ఇంత దరిద్రంగా ఉంటుందని తెలియదు."

"మాకూ తెలియదు. నీ సంతకం మీద ఆ మాట లేదని చూసి ఆ రోజు ఆఫీసులో కేకు తెప్పించుకున్నాం."

ఫోన్ పెట్టేశాక ఆయన చాలాసేపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఒకటే పళ్ళెం. రైల్లో విరిగితే దానికో చట్టం, ఓడలో విరిగితే ఇంకోటి, రోడ్డు మీద విరిగితే మరోటి. కిలోకి ఇంత అని కట్టే వెల కూడా మూడు చోట్లా మూడు రకాలట. పళ్ళానికి తెలుసా తను ఏ బండిలో ఉందో?

"అంతమంది చదువుకున్నవాళ్ళు ఉన్నారు కదా," అన్నాను. "దారి మొత్తానికీ ఒక్క చట్టం పెట్టుకోలేరా?"

"పెట్టారు. రెండుసార్లు."

"మరి?"

"మొదటిది ఎనభైలో. ముప్ఫై దేశాలు ఒప్పుకుంటే అమల్లోకి వస్తుంది. పదకొండు వచ్చాయి."

"ఎనభై నుంచా?"

"ఎనభై నుంచే."

ఆ చట్టం పుస్తకం నాకు తెలుసు. లావుగా ఉంటుంది. మా వంటింటి బల్లకి ఒక కాలు పొట్టి, దాని కింద పెట్టాను. ఆయన చూసి, అలాగే వదిలేశాడు. అది ఎవరికైనా ఉపయోగపడింది అక్కడే అని ఆయనకూ తెలుసు.

"రెండోది మన ఊరి పేరు మీదే ఉంది కదా," అన్నాడు. అదీ నాకు గుర్తే. రెండేళ్ళ కిందట రోటర్‌డామ్‌లో దేశదేశాల పెద్దమనుషులు కూడి సంతకాలు పెట్టారు. ఈయన్ని ఎవరూ పిలవలేదు. అయినా పెళ్ళినాటి సూటు తీయించి, వాననక బయట నిలబడి, ఇంటికొచ్చి రెండు గిన్నెల బఠాణీ సూప్ తాగి, "ఇక ఒక్కటే చట్టం రీకా, నా ఉద్యోగం సగం పోయినట్టే," అన్నాడు సంతోషంగా.

"దానికి ఎన్ని కావాలి?"

"ఇరవై."

"ఎన్ని వచ్చాయి?"

"స్పెయిన్ వచ్చింది."

"స్పెయినూ?"

"స్పెయిన్."

నేను కత్తి, బంగాళదుంపలు పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయాను.

ఖాళీ పెట్టెను ఆయన పెరట్లో సైకిళ్ళ గదికి చేర్చాడు. ఆ వేసవంతా టార్చి ఒక చేత్తో, భూతద్దం ఒక చేత్తో దాని ముందు చిన్న స్టూలు వేసుకుని కూచున్నాడు. ఒక్కో పలకా కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. కోరీ గోడ మీదుగా తొంగి చూసి, "శవపరీక్ష అయిందా షరతుగారూ? పాతిపెట్టొచ్చా?" అనేది. నాకు తల కొట్టేసినట్టుండేది. పోయింది మా అక్క. విరిగింది మా అమ్మ పళ్ళాలు. ఈ మనిషి మాత్రం చెక్కకి ముక్కు ఆనించి కూచున్నాడు. ఒకరోజు అడిగేశాను కూడా, "నా వైపు ఒకసారి ఇలా భూతద్దం పెట్టి చూస్తే ఏం పోయింది?" అని. ఆయన నిజంగానే భూతద్దం పెట్టి నా వైపు చూశాడు. అందులోంచి ఆయన కన్ను కోడిగుడ్డంత కనబడింది. ఇలాంటి మనిషిని ఏమనాలి.

అక్టోబరులో ఒక సాయంత్రం సైకిళ్ళ గదిలోంచి కేకేశాడు. "రీకా, ఇటు రా."

"రాను. బంగాళదుంపలు పొయ్యి మీద ఉన్నాయి."

"దింపి రా."

దింపకుండానే వెళ్ళాను. పెట్టెను పక్కకి పడుకోబెట్టి అడుగుభాగం చూపించాడు.

"మూత కాకుండా మొత్తం ఇరవై పలకలు. పంతొమ్మిదింటిని మీ బావ చిత్రిక పట్టి స్క్రూలతో బిగించాడు. పలకకి నాలుగు. స్క్రూ తలల మీది గాడులు చూడు, డెబ్బై ఆరూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. రైలు మనిషి కదా. ఇప్పుడు ఈ ఇరవయ్యోదాన్ని చూడు."

ఆ పలక గరుకుగా ఉంది. మేకులతో కొట్టారు, అందులో ఒకటి వంకర. రంగు మాత్రం మిగతావాటిలాగే మాసిపోయింది.

"ఇది నార్విక్ చెక్క కాదు. సరుకు కింద వేసే పీట ఒకటి విరగ్గొట్టి ఇక్కడ వేశారు. లోపలివైపు సగం ముద్ర ఉంది. ఎస్, ఈ. స్వీడన్ పీట. దారిలో ఎవరో పెట్టెను పొడిచారు, పలక విరిగింది, కొత్తది కొట్టి నోరు మూసుకుని ఎక్కించారు. స్వెటర్లు ఎక్కడ పెట్టావు?"

"ఇచ్చేశాను."

"అటక మీద ఎడమ మూల సంచిలో ఉన్నాయి. తీసుకురా."

తెచ్చాను. బూడిదరంగు స్వెటర్ వీపు మీద నా అరచెయ్యి పట్టేంత చిరుగు ఉంది, చుట్టూ నల్లటి నూనె మరక. ఏడు నెలల కిందట నా చేతుల్తోనే తీశాను దాన్ని. కోపంలో కనబడలేదు. లేండర్ట్ స్వెటర్‌ని పెట్టె లోపల పెట్టి చూపించాడు. చిరుగు సరిగ్గా ఆ ఇరవయ్యో పలక ఉన్న చోటే వచ్చింది.

"ఫోర్క్‌లిఫ్ట్ ఇనప పన్ను," అన్నాడు. "చెక్కలోంచి, ఉన్నిలోంచి పళ్ళాల దాకా పోయింది. అలా పొడిచాక కూడా ఒక పళ్ళెం మిగిలిందంటే అది ఈ కట్టడం వల్లే. నా సర్వీసులో ఇంత బాగా కట్టిన పెట్టె చూడలేదు."

నేను స్టూలు మీద కూచున్నాను. "అయితే ఎవరిది తప్పు?" అన్నాను.

"రైలు దించేసింది, ఓడ ఇంకా ఎక్కించుకోలేదు. మధ్యలో గోథెన్‌బర్గ్ రేవు గట్టు మీద, స్వీడన్‌లో పెట్టె చేతులు మారింది అక్కడొక్కచోటే. అంతవరకూ నేను చెప్పగలను."

"గట్టుకి ఏ చట్టం?"

ఆయన భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. "దానికీ వేరే ఒకటి రాశారు. అదీ ఇంకా అమల్లోకి రాలేదు."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "నువ్వు ఆ రోజు ఆ ఒక్క మాట రాసుంటే? చస్తూ బతుకుతూ ముప్ఫై ఎనిమిదేళ్ళు గుడ్ల మీద కూడా రాశావే. దీని మీదెందుకు రాయలేదు?"

"రాస్తే దేనికని అడుగుతాడు. పెట్టె అక్కడే తెరవాలి. నీ చెయ్యి దాని మీద ఉంది."

"ఏడు రోజుల సంగతి? అదైనా చెప్పొచ్చు కదా."

"చెబితే ఏడో రోజున తెరిచేదానివి."

"తెరిచేదాన్ని. చెప్పాల్సింది."

"అవును," అన్నాడు. "చెప్పాల్సింది."

అంతే. ఆ మనిషితో పోట్లాట ఎప్పుడూ ఇంతే. సరిగ్గా మనం గెలిచే చోట ఆయన ఒప్పేసుకుంటాడు.

బంగాళదుంపలు మాడిన వాసన వస్తోంది. పొయ్యి ఆర్పి, అలాగే నిలబడి బావకి ఫోన్ చేశాను. ఏడు నెలల తర్వాత.

"బావా, నేను. రీకాని."

"ఊఁ," అన్నాడు బావ. ఆయన డచ్చి మాట మా అక్క నేర్పిందే, మా అమ్మ వీధి యాసతో సహా.

"పళ్ళాలు నువ్వు పోగొట్టలేదు. గోథెన్‌బర్గ్‌లో విరిగాయి. లేండర్ట్ కనిపెట్టాడు."

"రైల్లో కాదు కదా?" అన్నాడు.

"కాదు. దించాక."

"నేననుకున్నా. రైల్లో ఏదీ విరగదు."

"నేను కాదని ఒక ముక్క రాయొచ్చు కదా నువ్వు."

"నువ్వు అడగలేదు కదా రీకా. చెప్పావు."

క్షమించు అనడానికి బదులు మళ్ళీ దెప్పాను. నా బుద్ధి అంతే. "బట్టలెందుకు చుట్టావు మరి? నార్విక్‌లో పాత పేపర్లు దొరకవా?"

"దొరుకుతాయి. నేను పంపింది స్వెటర్లే." ఆయన గొంతు సవరించుకున్నాడు. "మీ అక్క మీన్ చెప్పి పోయింది. అవి నా చెల్లికి, కానీ ఊరికే పంపితే పెట్టె తెరవకుండా తిప్పి పంపుతుంది, నాకు తెలుసు దాని సంగతి, అమ్మ పళ్ళాలకి చుట్టి పంపు అప్పుడు తెరుస్తుంది అంది. పళ్ళాలు పోతే పోనీలే అంది."

లేండర్ట్ పెరటి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ఫోన్ గట్టిగానే ఉంది కనక అంతా విన్నాడు. మూడు బళ్ళకీ కలిపి రాసిన ఆ కాగితంలో "పళ్ళాలు, ఆరు" అనే రాసుంది. స్వెటర్ల గురించి ఎక్కడా సరుకని లేదు. ఆయన పొయ్యి దగ్గరికి వెళ్ళి, మాడిన గిన్నెలోకి తొంగి చూసి, మూత పెట్టేశాడు.

ఆ క్రిస్మస్‌లోపు ఆ కేసు మూసేశారు. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. తర్వాతి మే నెలలో బావ తన పుట్టినరోజుకి మా ఇంటికే వచ్చాడు, రైల్లో, రెండు రోజులు కూచుని. వచ్చిన రోజునే తోడల్లుళ్ళిద్దరూ పెట్టెను వంటింట్లోకి తెచ్చి నేలమీద పెట్టుకుని మొదలుపెట్టారు.

"ఆర్న్‌ఫిన్, దించేటప్పుడు పొడిస్తే అది ఇంకా రైలు చేతిలో ఉన్నట్టే," అంటాడు ఈయన.

"పెట్టె నేలకి తాకాక రైలుకేం సంబంధం?" అంటాడు బావ.

"తాకిందని రుజువేది?"

"తాకలేదని నీ దగ్గరుందా?"

"ఎక్కడో విరిగింది," అన్నాను నేను. "కాఫీ చల్లారిపోతోంది." ఇద్దరూ నా వైపు ఒకే రకంగా చూశారు, ఈవిడకి ఏం తెలుసు అన్నట్టు. వారం రోజులు అదే పాట. వెళ్ళేటప్పుడు బావ బూడిదరంగు స్వెటర్ చిరుగు తన చేత్తో కుట్టి ఇచ్చాడు. రైలు కుట్టు, గట్టిగా ఉంది. నూనె మరక మాత్రం ఎన్ని ఉతుకులు ఉతికినా వదల్లేదు.

లేండర్ట్ నిరుడు నవంబరులో పోయాడు. ఆ స్వెటరే వేసుకుని వెంట నడిచాను. బావ మళ్ళీ రెండు రోజులు రైల్లో వచ్చి, పక్కన నిలబడ్డాడు. స్టోల్క్ కూడా వచ్చాడు. మనిషి నేననుకున్నంత పొడుగు లేడు. నష్టాల పుస్తకాలన్నీ కోరీ కొడుక్కి చెప్పి తీయించేశాను, బల్లకాలు కింద ఉన్నది తప్ప. అది తీస్తే బల్ల ఊగుతుంది.

బావ ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాడు. అక్కడ మంచు ఎంత పడిందో చెబుతాడు, ఇక్కడ వాన ఎంత పడిందో నేను చెబుతాను. ఆ తర్వాత ఇద్దరికీ మాటలైపోతాయి. ఆయన పెట్టేసే ముందు గొంతు సవరించుకుంటాడు.

"ఏమైనా గానీ రీకా, రైల్లో విరగలేదు."

ఆ మాటకు జవాబు చెప్పాల్సిన మనిషి ఇంట్లో లేడు. అందుకని నేనే చెబుతాను.

"ఒప్పుకుంటున్నాను బావా. షరతుతో."